ఎర్రగుడ్డ కట్టిన కొబ్బరికాయ

నాకు ముక్కుమీద కోపం. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే రంగూన్లో నేను ఇళ్ళ దలాలీలో చేరడానికి ఆ కోపమే కారణం. బియ్యం మిల్లులో బస్తాలు లెక్కరాసే గుమాస్తాగా నాలుగేళ్ళు చేసి, ఒకనాడు పై గుమాస్తాతో మాటా మాటా పెరిగి, కలం బల్లమీద విసిరికొట్టి వచ్చేశాను. వీధిలోకి వచ్చాక గానీ కడుపు సంగతి గుర్తుకు రాలేదు. అప్పటికి నాకు ఇరవయ్యారేళ్ళు. అవి పందొమ్మిది వందల ఇరవైల నాటి రోజులు. మన వైపు నుంచి ఓడలు వస్తూనే ఉండేవి, జనం దిగుతూనే ఉండేవారు. తలదాచుకోవడానికి గది దొరకడం మాత్రం గగనమైపోయేది.

ఇళ్ళ మావ నన్ను చేరదీసింది అప్పుడే. ఆయన అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ ఉండేవారు కాదు, మా వాళ్ళందరికీ ఇళ్ళ మావే. విశాఖపట్నం దగ్గర పల్లె ఆయనది, రంగూను వచ్చి ముప్ఫయ్యేళ్ళు దాటింది. పంచె మీద ఖాకీ కోటు, కాళ్ళకి బర్మా చెప్పులు, ఎండైనా వానైనా చంకలో గొడుగు. ఖాళీ ఇళ్ళు ఎక్కడున్నాయో కనిపెట్టి, కావలసిన వాళ్ళకి చూపించి కుదర్చడం ఆయన పని. పని అడగడానికి వెళ్తే నన్ను ఎగాదిగా చూసి ఒక్కటే అడిగాడు.

"వానలో నడుస్తావేటి?"

నడుస్తానన్నాను. ఆ పూటనుంచే నన్ను "అల్లుడూ" అని పిలవడం మొదలుపెట్టాడు. ఆయనకి కూతుళ్ళు లేరు. మావా అని పిలిచినవాడు అల్లుడు కాక మరేమవుతాడని ఆయన లెక్క.

వానలో ఎందుకు నడవాలో వారం తిరక్కుండా తెలిసింది. ఇల్లు ఒకసారి ఎండలో చూసి ఊరుకునేవాడు కాదు. కుండపోతగా కురుస్తున్నప్పుడు మళ్ళీ వెళ్ళి, చెక్కగోడలకి అరచెయ్యి ఆనించి గది గదీ తిరిగేవాడు. నేను గుమ్మంలో తడుస్తూ పళ్ళు నూరుకునేవాణ్ణి. "ఎండలో అన్నిళ్ళూ మంచియేరా అల్లుడూ. దాని గునం వానలోనే తెలుస్తాది" అనేవాడు. కుళాయి వీధి చివర ఉందంటే ఇక నా ప్రాణం పోయేదే. ఎవరినో బిందె అడిగి, నింపి, భుజాన పెట్టుకుని ఆ ఇంటి మెట్లన్నీ ఎక్కి వచ్చేవాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి! ఎందుకయ్యా ఈ అవస్థ అంటే, "రేపు ఈ బిందె మోసేది ఆడమనిసి. మెట్లెన్నో సెప్తే సాలదు, మోకాలేటంటాదో సెప్పాల" అనేవాడు. వగరుస్తూ కూర్చుని, ఆ ఇల్లు కావాలన్న వాళ్ళకి అలాగే చెప్పేవాడు కూడా.

అన్నిటికంటే నా ఒళ్ళు మండించింది ఇంకొకటి. ఇల్లు చూపించేటప్పుడు ముందు దాని లోపం చెప్పేవాడు. "బాబూ, పడమటి గది కురుస్తాది. పక్కోల్లు సేపలెండబెడతారు, వాసనొస్తాది. ఇప్పుడు మిగతాది సూడండి" అని మొదలుపెట్టేవాడు. వచ్చినవాళ్ళలో సగం మంది అటునుంచి అటే పోయేవారు.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "మావా, మనం వీళ్ళకి ఇల్లు ఇప్పించడానికొచ్చామా, మాన్పించడానికొచ్చామా?"

"ఎల్లనీరా. ఎల్లినోడు నాలుగిల్లు సూసి మళ్ళీ మన దగ్గరికే ఒస్తాడు."

నిజంగా వచ్చేవారండీ. వచ్చి, "మీరు సూసిందే కాయం సెయ్యండి, మాం సూడక్కల్లేదు" అనేవారు. ఆ మాట విన్నప్పుడు నాకు కడుపు నిండిపోయేది, కానీ ఆయన ముందు ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఇంటి యజమానుల దగ్గర ఆయన వరస మరీ విచిత్రం. అద్దె ఎంత అని ముందు అడిగేవాడు కాదు. బర్మావాళ్ళ ఇళ్ళలో నేలమీద మోకాళ్ళు మడిచి కూర్చుని, వాళ్ళ భాషలో తీరిగ్గా, "ఈ ఇంట్లో ఏం చెయ్యకూడదు?" అని అడిగేవాడు. ఒకాయన పావురాల్ని తోలొద్దనేవాడు. ఒకావిడ పెరట్లో పనసచెట్టుకి మేకు కొట్టొద్దనేది. అవన్నీ బుర్రలో పెట్టుకుని, కొత్తగా దిగేవాళ్ళకి ఒక్కొక్కటే అప్పజెప్పేవాడు. దీనికి అరపూట పోయేది. నాకేమో మేకుల గురించీ పావురాల గురించీ వినే ఓపికెక్కడిది? నేను ఒంటరిగా వెళ్ళినప్పుడల్లా ఆ భాగం ఎగ్గొట్టేవాణ్ణి. బజారులో బేరమాడే పాటి బర్మా భాష నాకు వచ్చు, ఆ పాటికే దొరబాబులా తిరిగేవాణ్ణి.

ఇక సంచౌంగ్ సంగతి. ఆ పేటలో మనవాళ్ళకి ఇల్లిచ్చేవాళ్ళు లేరు. మనల్ని అక్కడ కోరంగీలు అనేవారు. కోరంగీకి ఇల్లిస్తే ఒకడి పేరున ఇరవైమంది దిగుతారని పేరు పడిపోయింది. నిజం చెప్పాలంటే ఆ పేరు ఊరికే పడలేదు. ఆ వీధి మొత్తం మీద ఒక్కావిడ మాత్రం ఇచ్చేది. బర్మా వితంతువు, యాభై దాటిన మనిషి, ఒకే ఆవరణలో నాలుగు టేకు ఇళ్ళు ఆవిడవి. వాళ్ళ భాషలో అమ్మని పిలిచినట్టు అందరూ ఆవిణ్ణి 'అమే' అనేవారు. ఆవిడ ఎవరినీ నమ్మేది కాదు, ఇళ్ళ మావని నమ్మింది. ఆయన తీసుకొచ్చినవాళ్ళకి గేటు తీసేది, మరో దళారి వస్తే తీసేది కాదు. ఆ గేటు మూసుకుంటే మన సంసారాలకి మళ్ళీ కిక్కిరిసిన కూలీల గదులే గతి.

అటువంటి ఇంట్లో ఒక జంటని దింపే పని ఇళ్ళ మావ నాకు ఒప్పజెప్పాడు. ఆయన జ్వరం నుంచి లేచి రెండో రోజు, అందుకని. మొగుడు రేవులో ఓడల సరుకు దించే యంత్రం నడిపేవాడు, సిక్కోలు వైపువాడు. పెళ్ళాం నిండు నెలల మనిషి. అప్పటిదాకా వాళ్ళుంటున్నది పాతికమంది మగాళ్ళు వంతులవారీగా పడుకునే గదిలో, మధ్యన చీర అడ్డం కట్టుకుని. ఆ పిల్ల అక్కడ కనాలంటే ఎలా? చూస్తేనే గుండె తరుక్కుపోయేది.

"అమేని అడగాల్సినవి అడిగి దింపు" అన్నాడు ఇళ్ళ మావ పడక మీంచే. అలాగేనన్నాను.

మేం వెళ్ళేసరికి అమే లేదు, బౌద్ధ మఠానికి అన్నం పట్టుకెళ్ళిందని పక్కింటివాళ్ళు చెప్పారు. అమే ముందే ఇళ్ళ మావకి ఇచ్చిన తాళం చెవి నా దగ్గర ఉంది. వాన. సామాను తడిసిపోతోంది. తాళం తీసి లోపలికి దింపించాను. ఆ పిల్ల పొయ్యి రాజేసి పాలు పొంగించింది. పసుపూ కుంకుమా మూటలో తెచ్చుకున్నారు, తీరా చూస్తే కొబ్బరికాయ మర్చిపోయారు. గుమ్మంలో కాయ కొట్టకుండా ఎలా అని ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది. బజారు చూస్తే దూరం.

అప్పుడు నా కంట పడింది. ఇంటి మూల స్తంభానికి, మనిషి తలకంటే ఎత్తులో, వెదురు బుట్టలో ఒక కొబ్బరికాయ. దానికి ఎర్రగుడ్డ శుభ్రంగా చుట్టి కట్టి ఉంది.

ఆహా, అమే ఎంత మర్యాదస్తురాలు అనుకున్నాను. మన ఆచారం ఎవరినో అడిగి తెలుసుకుని, కొత్తవాళ్ళ కోసం కాయ సిద్ధం చేసి పెట్టింది అనుకున్నాను. పైకి అన్నాను కూడా. వాళ్ళిద్దరూ మురిసిపోయారు. పెట్టె ఎక్కి దించాను. మొగుడు రెండడుగులు వెనక్కేసి, "బాబూ, మీరే కొట్టండి" అన్నాడు. గుడ్డ విప్పాను. కొట్టాను. నీళ్ళు తక్కువున్నాయి గానీ కాయ మంచిదే. చిప్పలకి పసుపు రాసి, కుంకుమ పెట్టి గుమ్మానికి అటొకటీ ఇటొకటీ పెట్టాం. ఒక ముక్క పగలగొట్టి బెల్లంతో నేను నోట్లో వేసుకున్నాను.

ఆ ముక్క నములుతూ ఉండగా అమే గేటు తీసుకుని వచ్చింది.

ఆవిడ అరవలేదు. గుమ్మం దగ్గర ఆగిపోయింది. చిప్పల్ని చూసింది, ఖాళీ బుట్టని చూసింది, నేలమీద ఎర్రగుడ్డని చూసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. వంగి ఆ గుడ్డ తీసి గుండెకి పట్టుకుంది. "ఎవరు చేశారిది?" అంది.

ఏదో ఘోరం జరిగిపోయిందని మాత్రం అర్థమైంది. ఏమిటో తెలియలేదు. నోట్లో ముక్క గుటుక్కున మింగి, నాకొచ్చిన ముక్కల భాషలో, "మేం వచ్చేసరికే కింద పడి ఉంది" అన్నాను. పసుపు రాసిన చిప్పలు రెండూ గుమ్మంలో ఎదురుగా ఉన్నాయి. థూ! ఇన్నేళ్ళయినా ఆ అబద్ధం తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

"ముసలాయన్ని పిలుచుకురా. సామాను విప్పొద్దని వీళ్ళకి చెప్పు" అంది అమే.

"ఏటంతంది బాబూ?" అని మొగుడు అడిగాడు. ఆ పిల్ల ఒక చెయ్యి నడుముకి పెట్టుకుని నా మొహంలోకి చూస్తోంది. ఏమీ లేదు, ఇప్పుడే వస్తానని నీళ్ళు నమిలి బయటపడ్డాను.

ఇళ్ళ మావ పడక దిగి, ట్రాము ఆగేచోట ఉన్న టీ దుకాణం ముందు కూర్చుని ఉన్నాడు. విన్నాడు, లేచాడు, రిక్షా పిలిచాడు. రిక్షా లాగేవాడూ మనవాడే. దారిలో నేను మళ్ళీ మొదటినుంచీ చెబుతుంటే వాడు లాగుతూ లాగుతూ ఆగిపోయాడు.

"ఎర్రగుడ్డ కాయ కొట్టీసినారా? ఓలమ్మో!" అన్నాడు.

రిక్షావాడికి తెలిసింది నాకు తెలియలేదు. ఇళ్ళ మావ అప్పుడు చెప్పాడు. "అది కాయ కాదురా. ఆల్ల ఇంటి దేవుడు. నాట్ అంతారు. ఆ దేవుడు మంటల్లో కాలిపోయినాడంట. ఆ ఒల్లు సల్లబడ్డానికి కొబ్బరినీల్లు. అందుకే కాయ అక్కడ ఏలాడగడతారు. సరే, కొట్టిందెవులు?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. అమే గేటు కళ్ళముందు మెదిలింది. ఈ పని కూడా పోతే నాకింకేం దిక్కు?

"వాళ్ళే మావా. తెలియక కొట్టేశారు" అన్నాను.

రిక్షా గూడు మీద వాన టపటపమని కొడుతోంది.

"కడుపుతో ఉన్నదాని మొగుడు కాయ కొడతాడేట్రా?" అన్నాడు.

మన ఇళ్ళల్లో పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి అది. పెళ్ళాం కడుపుతో ఉన్నన్నాళ్ళూ మొగుడు కొబ్బరికాయ కొట్టడు. అందుకే కదా అతను వెనకడుగేసి మీరే కొట్టండన్నాడు! ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది, రెండు తన్నినా పడేవాణ్ణి. ఆయన మాత్రం మొహం పక్కకి తిప్పుకుని వాన చూస్తూ కూర్చున్నాడు.

సంచౌంగ్ చేరాక గేటు బయటే చెప్పులు విడిచాడు. ఆ బురదలో, జ్వరం ఇంకా పూర్తిగా వదలని ఒంటితో, వట్టికాళ్ళతో నడిచి వెళ్ళి అమే ముందు నేలమీద మోకాళ్ళు మడిచి చేతులు జోడించాడు. ఆయన బర్మా మాటల్లో నాకు సగమే అర్థమైంది. తప్పు నాది, నా పని నేను చెయ్యలేదు, వాళ్ళకి చెప్పాల్సినది చెప్పకుండా ఇంట్లో దింపాను అంటున్నాడు. నా పేరెత్తలేదు. నేను ఆయన వెనకే నిలబడి ఉన్నాను, కిమ్మనలేదు.

"కొట్టిందెవరు?" అని అమే అడిగింది.

ఇళ్ళ మావ నా వైపు తిరిగాడు. ఆయన తెలుగులో, మామూలుగా, "బజారుకెల్లి కాయట్రా. తొడిముండాల. ఎక్కడా సిట్లకూడదు. ఎర్రగుడ్డా అట్రా" అన్నాడు.

మూడు దుకాణాలు తిరిగి తెచ్చాను. అమే అది నా చేతిలోంచి తీసుకోలేదు, ఇళ్ళ మావ చేతిలోంచి తీసుకుంది. తనే గుడ్డ చుట్టి, తనే బుట్టలో పెట్టి, చాలాసేపు కళ్ళు మూసుకుని నిలబడింది. తర్వాత, ఈ పూటకి వానలో ఎక్కడికి పోతారు, ఉండమను, ఇల్లు ఇచ్చేదీ లేనిదీ రేపు చెబుతాను అంది. ఆ పిల్లకి ఈ సంగతి ఇళ్ళ మావే చెప్పాడు. తను చేసిన పాపం ఏమిటో తెలియక, ఆ పిల్ల విప్పిన మూటలన్నీ మళ్ళీ కట్టుకుని, వాటి పక్కనే చాప వేసుకుని కూర్చుంది. మొగుడు నన్నొక్క మాట అనలేదు. అతనూ నా పేరు చెప్పలేదు.

తిరిగి వస్తుంటే ఇళ్ళ మావ అన్నాడు. "రేపు నీకు పనేటీ నేదు. నీకెక్కడికెల్లాలని ఉంటే అక్కడికెల్లు."

పని పోయిందని అర్థం చేసుకున్నాను. మర్నాడు పొద్దున్నే ట్రామెక్కి బియ్యం మిల్లు వైపు బయల్దేరాను. పై గుమాస్తా కాళ్ళు పట్టుకునైనా మళ్ళీ చేరిపోదామని. కిటికీ పక్కన కూర్చున్నానే గానీ కళ్ళు మూసినా తెరిచినా ఆ కట్టిపెట్టిన మూటలే. ఒక ముసలాడు బురదలో వట్టికాళ్ళతో నడవడమే. నాకు ముక్కుమీద కోపం అన్నాను కదా, ఆ కోపం జన్మలో మొదటిసారి నా మీదికే తిరిగింది. నడుస్తున్న ట్రాములోంచి దూకేసి, ఎదురు ట్రామెక్కి, సంచౌంగ్ చేరేసరికి చొక్కా చెమటతో తడిసిపోయింది.

అమే వాకిట్లో కూర్చుని చుట్ట కాలుస్తోంది. నేను గేటు బయటే నిలబడ్డాను. దారిలో కూడబలుక్కున్న బర్మా మాటలన్నీ ఎగిరిపోయాయి. కుడిచెయ్యి ఎత్తి చూపించి, "ఈ చెయ్యి. నేను. వాళ్ళు కాదు. ముసలాయన కాదు. అబద్ధం చెప్పాను" అన్నాను. అని, సిగ్గులేకుండా బావురుమన్నాను.

ఆవిడ చుట్ట పక్కన పెట్టింది. చిన్నపిల్లలతో మాట్లాడినట్టు మెల్లగా, నాకు అర్థమయ్యే మాటలు ఏరుకుని చెప్పింది. నిన్న నేను బజారుకి వెళ్ళినప్పుడు ఆవిడ పట్టుబట్టి పేరు అడిగిందట. ఇళ్ళ మావ చెప్పనన్నాడట. 'పేరు నేను చెప్పను, కొట్టినవాడే వచ్చి చెబుతాడు. రేపు మధ్యాహ్నంలోగా రాకపోతే వీళ్ళని నేనే తీసుకుపోతాను, మళ్ళీ ఎన్నడూ నిన్ను ఈ గేటు తియ్యమనను' అన్నాడట.

"నేనైతే నువ్వు రావనుకున్నాను" అంది అమే. లేచి వచ్చి గేటు తీసింది. "ఆ అమ్మాయిని మూటలు విప్పుకోమని చెప్పు."

చెప్పాను. ఆ పిల్ల మూట మీద చెయ్యి వేసుకుని ఊరికే ఏడ్చింది.

నేను టీ దుకాణానికి పరుగెత్తేసరికి పొద్దు నడినెత్తికి వస్తోంది. ఇళ్ళ మావ అదే బల్ల మీద ఉన్నాడు. ముందున్న టీ ముట్టలేదు, మీద మీగడ కట్టేసింది. నన్ను చూసి లేవలేదు. గొడుగు ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

"ఏటన్నాది?"

"ఉండమంది మావా."

నేను ఆయన కాళ్ళ దగ్గరే కూలబడ్డాను. "నేను వెళ్తానని నీకెలా తెలుసు మావా? అంత ధైర్యంగా ఆవిడకి ఎలా మాటిచ్చావు?" అని అడిగాను.

"నాకేటి తెలుసురా? దైర్నం ఎక్కడిది?" అన్నాడు. "తెల్లారినకాడ్నుంచి ఈ బల్ల మీదే ఉన్నాను. నువ్వు మిల్లు ట్రామెక్కడం సూసినాను."

టీ కప్పు అందుకున్నాడు. అది నోటిదాకా వెళ్ళలేదు. టీ అంతా కోటు మీద ఒలికిపోయింది.